మాట్లాడితేనే కనిపించే గాలి

"ఇంకా మాట్లాడించండమ్మా, ఆపకండి," అంది వాతావరణ శాస్త్రవేత్త డాక్టర్ నస్రీన్, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

వరహాలమ్మ మైకు ముందు నిట్టూర్చింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ విశాఖ బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పిన గొంతు ఆమెది. రిటైరయ్యాక భీమిలి తీరంలోని ఈ చిన్న రేడియో కేంద్రంలో చేరింది. తెరచాప పడవల్లో సముద్రాలు దాటేవాళ్ళకి రోజూ వాతావరణం చెబుతుంది. బస్టాండులో అంతమందికి చెప్పినా ఒక్కరూ బదులు పలికేవారు కాదు. ఇక్కడ పలుకుతారు. అందుకే ఈ పనంటే ఆమెకి ప్రాణం.

ఒక్క కూర్మారావుతోనే చిక్కు. ఓడల్లో ఇంజినీరుగా చేసి మానేసిన అతను మారిషస్ నుంచి విశాఖకి ఒంటరిగా వస్తున్నాడు. బాగున్నారా అంటే "ఆ." గాలెలా ఉందంటే "ఉంది." అంతే.

నస్రీన్ కనిపెట్టిన యంత్రానికేమో మాటలే కావాలి. సముద్రం మీదుగా వచ్చే రేడియో తరంగం దారిలో తగిలిన గాలికీ తేమకీ కొద్దికొద్దిగా వణుకుతుంది. శాటిలైట్‌కి మేఘాల కింద కనిపించని గాలిని, ఆ వణుకు చదివి యంత్రం మ్యాపుగా గీస్తుంది. మనిషి గొంతు క్షణానికో తీరుగా మారుతుంది కాబట్టి మాట సాగినకొద్దీ మ్యాపు నిండుతుంది. చెప్పిందే చెబితే యంత్రానికి కొత్తగా ఏమీ తెలియదు.

ఇప్పుడు కూర్మారావు పడవకి ఎదురుగా తుఫాను లేచింది. ఎటు తప్పుకోవాలో చెప్పాల్సిన మ్యాపు ఇంకా సగం ఖాళీ.

"కూర్మారావుగారూ, ఏదైనా చెప్పండి."

"ఏటి చెప్పాలండీ?"

"పొద్దున్న ఏం తిన్నారు?"

"అన్నం."

"అందులోకి?"

"చారు."

రేడియోలో కెరటం పడవని కొట్టిన చప్పుడు వినిపించింది. వరహాలమ్మ ఏమనాలో తోచక, "చారులో బెల్లం దండిగా వేశారా? వెల్లుల్లి మాత్రం తగలకూడదు," అనేసింది.

"ఎవరు చెప్పారండీ మీకు?"

"అందరూ అంటారు."

"అందరికీ ఏటి తెలుసండీ! వెల్లుల్లి లేకపోతే అది చారేటి? బెల్లం దండిగా వేస్తే పానకమవుద్ది గానీ..."

కట్ట తెగినట్టు మాటలొచ్చాయి. వాళ్ళమ్మ మిరియాలు నూరే రోలు, ఓడలో చారుని పాడుచేసిన వంటవాడు, అతన్ని తోసేసి తనే గరిటె పట్టుకున్న రోజు... పడవ ఊగిపోతోంది, గొంతు ఎగిరిపడుతోంది, అయినా అతను వాదిస్తూనే ఉన్నాడు. వరహాలమ్మ "అబ్బే, నేనొప్పుకోను" అంటూ ఎగదోస్తోంది. తెర మీద ఖాళీలు ఒక్కొక్కటే నిండాయి.

"పడమట సందు దొరికింది!" అని అరిచింది నస్రీన్.

"కూర్మారావుగారూ, చారు సంగతి తర్వాత. పడవని పడమటికి తిప్పండి!"

అతను తిప్పాడు. తుఫాను పక్కనుంచి పోయింది.

ఆ తర్వాత విశాఖ వైపు వెళ్ళకుండా, ముందు భీమిలికే వచ్చి కేంద్రం ఎదుట లంగరు వేశాడు. మెట్లెక్కి వచ్చి వరహాలమ్మకి ఎదురుగా కూర్చున్నాడు. పొడుగాటి మనిషి, మొహం ఎండకి నల్లబడింది.

"బాగున్నారా?" అంది ఆమె.

"ఆ."

నస్రీన్ టీ ఇచ్చింది. తాగాడు. కిటికీలోంచి బయటికి చూశాడు, చేతులు చూసుకున్నాడు. "వస్తానండీ," అని వెళ్ళిపోయాడు. చావు అంచున అంతసేపు మాట్లాడిన మనిషికి మనిషి ఎదురుపడితే మాట పెగల్లేదు. వరహాలమ్మ మనసు చివుక్కుమంది.

కాసేపటికి రేడియో గరగరలాడింది.

"వరహాలమ్మగారూ, కూర్మారావునండీ. అక్కడ చెబుదామనుకున్నానండీ... మీ గొంతు విని మీరు బాగా పెద్దగా ఉంటారనుకున్నానండీ. ఇంత పొట్టి మనిషే అంత గట్టిగా దెబ్బలాడారా అని..."

ఆమెకి నవ్వొచ్చింది. కిటికీలోంచి చూస్తే అతని పడవ కేకేస్తే వినపడేంత దూరంలో ఉంది.

"ఇంత దగ్గరుండి రేడియో ఎందుకండీ? మళ్ళీ రండి పైకి."

"వస్తే మాటలు రావండీ."

యంత్రం బుద్ధిగా ఆ కాస్త నీళ్ళ మీది గాలిని గీయడం మొదలుపెట్టింది. ఆపుదామని నస్రీన్ చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

వరహాలమ్మ కుర్చీని రేడియో దగ్గరికి లాక్కుంది.

"అయితే రాకండి," అంది. "చెప్పండి."