ట్రాక్టర్ చప్పుడు

ఆ ఆదివారం సాయంత్రం యూనివర్సిటీ క్యాంపస్‌లో ముసురు పట్టింది. పాత హాస్టల్ మెస్‌లో వారం వారం నడిచే ఉచిత వైద్య శిబిరం అప్పుడే ముగిసింది. ఊళ్ళో డాక్టర్ దొరకని వాళ్ళు, పట్నం ఆసుపత్రుల గడప తొక్కలేని వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. శిబిరం పనులు చూసే విద్యార్థి దయాకర్, మందుల పెట్టెలు ఆటోలో సర్దడానికి వెళ్ళాడు. డాక్టర్ సుధామయి ఒక్కతే మిగిలింది.

కరెంటు పోయింది.

గోడల చెమ్మ వాసన. రేకుల మీద వాన. ఫోన్ లైటు వెలిగించేసరికి ఎదుటి బల్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. అంత వానలో వచ్చినా చీర పొడిగా ఉంది. అంచు నిండా ఎర్రమట్టి దుమ్ము.

"ఎక్కడి నుంచి వచ్చావమ్మా?"

"శాన దూరం బిడ్డా," గుసగుసగా అంది ఆమె. "మా ఊర్ల దవాఖాన ఉన్నది గని డాక్టర్ రాడు. ఛాతిల నొప్పి లేస్తే ట్రాక్టర్ ఎక్కిచ్చి తోల్కొచ్చిన్రు."

సుధామయి ఆమె చెయ్యి పట్టుకుంది. బావిలోంచి అప్పుడే తీసిన బిందెలా చల్లగా ఉంది. నాడి అందలేదు. స్టెతస్కోప్ ఛాతీకి ఆనించింది.

గుండె చప్పుడు లేదు.

దాని బదులు... డగ్... డగ్... డగ్... గతుకుల దారిలో ట్రాక్టర్ ఇంజను. ఇనుప తొట్టి కుదుపులు. ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. "జర జల్ది పోనియ్ అన్నా... అవ్వ కండ్లు తెరుస్తలేదు..."

ఇంజను ఆగిపోయింది.

సుధామయి చెవుల్లోంచి స్టెతస్కోప్ లాగేసింది. లేవబోయింది. ముసలామె వేళ్ళు ఆమె మణికట్టును చుట్టేశాయి.

"బతుకుత గద, డాక్టరమ్మా?"

పట్టు బిగుస్తోంది... ఎముక నొక్కుకుపోతోంది...

"బతుకుతావు," అంది సుధామయి ఎలాగో.

పట్టు వదిలింది. తలుపు తోసుకుని దయాకర్ వచ్చాడు. "మేడం, ఎవరితోని మాట్లాడుతున్నరు?"

బల్ల ఖాళీ.

తార్నాకలో ఇల్లు ఎలా చేరిందో ఆమెకే తెలీదు. తల్లి వేదవతి తలుపు తీసి, కూతురి భుజం మీదుగా మెట్ల వైపు చూసింది.

"అయ్యో, అంతమందిని మెట్ల మీదే నిలబెట్టేశావేంటే? బతుకుతారని నువ్వు మాటిచ్చావట కదా, అందుకే వచ్చారట!"

సుధామయి వెనక్కి తిరిగింది. మెట్ల మీద ఎవరూ లేరు.

"ముందా పసిబిడ్డను ఇలా ఇవ్వమ్మా," వేదవతి చీకట్లోకి రెండు చేతులూ చాచింది. "పాపం, ఒళ్ళంతా నీలంగా ఉంది..."

చాచిన ఆ చేతులు, ఏదో బరువుకు, మెల్లగా కిందికి వంగాయి.