పలకని గది

మూడో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. పగలు చూస్తే దానికేం లోటు? మంచం, ఫ్యాను, వీధివైపు కిటికీ, నీళ్ళు సరిగ్గా వచ్చే బాత్రూము. రాత్రయితే మాత్రం... అందులో ఎవరో మాట్లాడతారు.

గొంతు గోడలోంచి వస్తుందట. మొదట మెల్లగా, "ఉన్నావా...?" అంటుందట. కాసేపు ఆగుతుందట. మళ్ళీ, ఇంకాస్త దగ్గరగా — "ఉన్నావా...?" ఆ తర్వాత ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తున్నట్టు...

ఆ బిల్డింగు నగరంలోని ఒక సేవాకేంద్రానిది. ఏళ్ళ తరబడి రోడ్లమీద బతుకుతున్నవాళ్ళని వెతికి పట్టుకుని, గడ్డం పుచ్చుకుని బతిమాలి, ఒక గదీ ఒక తాళంచెవీ చేతిలో పెట్టడం వాళ్ళ పని. నాలుగు రోజులుండి పొమ్మని కాదు, ఇక నీ ఇల్లు ఇదేనని. ఎవరికి ఏ గదన్నది చీటీలు తీసి తేలుస్తారు. ఎవరూ పక్షపాతం అనకూడదు కదా!

చివరి గది మొదట ఒక తాపీమేస్త్రీకి వచ్చింది. వంతెన కింద ఒంటరిగా ఏళ్ళు గడిపిన మొండివాడు ఒక్క రాత్రికే దుప్పటి చంకన పెట్టుకుని దిగిపోయాడు. "వంతెన కింద లారీలు తిరుగుతాయి గానీ దెయ్యాలు తిరగవు" అన్నాడు. తర్వాత వచ్చిన రంగులేసేవాడు తెల్లవార్లూ మెట్లమీద కూర్చుని, పొద్దున్నే తాళంచెవి టేబుల్ మీద పెట్టి మాయమయ్యాడు. అక్కణ్ణుంచి ఆ గది చీటీ చేతికొస్తే జనం నిప్పు తగిలినట్టు వదిలేసేవారు.

ఈ కథకి ఉప్పూ కారం అద్దినవాడు వాచ్‌మన్ బాబాయి. దెయ్యానికి జుట్టు ఇంతుందనీ, పాదాలు వెనక్కి ఉన్నాయనీ చెప్పేవాడు. "నువ్వు చూశావా బాబాయ్?" అని అడిగితే, "చూస్తే ఇక్కడ నిలబడి నీకు చెబుతానా?" అనేవాడు.

"దెయ్యం లేదు, గియ్యం లేదు" అని అందరికీ ధైర్యం చెప్పేది తాళాలక్క. గదుల తాళాలు ఇచ్చేది ఆమే కాబట్టి ఆ పేరు. చెప్పడానికేం, పొద్దుగూకగానే సంచీ తగిలించుకుని బస్సెక్కేస్తుంది. రాత్రి ఉండాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. సంచుల పెద్దమ్మ వచ్చేదాకా...

పెద్దాసుపత్రి ప్రహరీగోడ పొడుగునా పడుకునే జనంలో సంచుల పెద్దమ్మ ఒకతి. ఎక్కడికెళ్ళినా సంచులన్నీ మోసుకుని వెళ్తుంది. తాళాలక్క మూడేళ్ళుగా ఆమె వెనక తిరుగుతోంది. "ఇళ్ళలో బతికిన బతుకు చాలే పిల్లా" అని కసిరి పంపేది పెద్దమ్మ. ఈసారి దగ్గు పట్టుకుంది. డాక్టరమ్మ తాళాలక్కని పక్కకి పిలిచి, "ఇంకో వానాకాలం ఆ గోడవారన తడిసిందంటే, నా చేతుల్లో ఏమీ ఉండదు" అంది. ఆ మాట తాళాలక్క గుండెలో ముల్లులా ఉండిపోయింది.

చివరికి పెద్దమ్మ ఒప్పుకుంది. "ఒక్క రాత్రే. నచ్చకపోతే తెల్లారగానే పోతా. ఆ తర్వాత నువ్వు నా వెంట పడకూడదు. ఒట్టెయ్యి."

తాళాలక్క ఒట్టేసింది. తీరా చూస్తే ఖాళీగా ఉన్నది ఆ గది ఒక్కటే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టయింది ఆమె పని. దెయ్యం సంగతి చెబితే పెద్దమ్మ రాదు. చెప్పకపోతే రాత్రికి రాత్రే పోతుంది. చివరికి, "నీకు తోడుగా నేనూ పడుకుంటాలే పెద్దమ్మా" అని చాపా దిండూ పట్టుకుని వచ్చేసింది.

వాచ్‌మన్ బాబాయి తన టార్చిలైటు ఆమె చేతిలో పెట్టి, "జాగ్రత్తమ్మా" అన్నాడు.

పెద్దమ్మ గదంతా ఒకసారి కలియజూసింది. మంచంమీద తన సంచుల్ని పడుకోబెట్టింది. తను గుమ్మం దగ్గర నేలమీద దుప్పటి పరుచుకుంది. తలుపు తీసే ఉంచమంది. లైటు ఆర్పేయమంది.

"లైటు ఉంటే ఏం పెద్దమ్మా?"

"వీధిలైటు కింద పడుకుని పడుకుని కళ్ళు మండిపోయాయి. ఒక్క రాత్రయినా చీకటి చూడనీ."

గది చీకటయింది. ఫ్యాను కిర్రుమంటోంది. పెద్దమ్మ దగ్గింది, సర్దుకుంది. తాళాలక్క చెవులు రిక్కించి పడుకుంది. బాబాయి చెప్పిన పాదాలు, జుట్టు... వద్దనుకున్నకొద్దీ కళ్ళముందుకే వస్తున్నాయి. అందరికీ ధైర్యం చెప్పే మనిషి ఇలా వణికితే నలుగురూ నవ్వరూ? కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఎంతసేపయిందో తెలీదు...

"ఉన్నావా...?"

తాళాలక్క పైప్రాణాలు పైనే పోయాయి. గొంతు బాత్రూమువైపు నుంచి — గోడలోంచి — తడిగా, బొంగురుగా...

"ఉన్నావా...?"

టార్చి కోసం తడిమింది. చేతికి దొరికింది గానీ నొక్కడానికి వేలు కదల్లేదు. అంత భయంలోనూ ఆమెకి ఒక్కటే బాధ — ఇప్పుడు పెద్దమ్మ లేస్తుంది, సంచులెత్తుకుంటుంది, పోతుంది. వాన వస్తుంది. తను వెంట వెళ్ళడానికి లేదు, ఒట్టేసింది.

అనుకున్నట్టే పెద్దమ్మ లేచింది. చీకట్లో పాదాల చప్పుడు... గుమ్మంవైపు కాదు. బాత్రూమువైపు!

"పెద్దమ్మా, వద్దు... వెళ్ళకు..." తాళాలక్క గుసగుసలాడింది.

పెద్దమ్మ వినిపించుకోలేదు. బాత్రూము వెనకగోడకి, నీటిగొట్టాలు దిగే ఇరుకు సందులోకి ఒక చిన్న కిటికీ ఉంది. దానికి మూతి ఆనించి, ఊళ్ళో కేకేసినట్టు గట్టిగా అంది:

"ఉన్నా! నువ్వున్నావా?"

ఆ తర్వాత గోడలోంచి —

"ఓరి నాయనో!" అని పెద్ద కేక. ఏదో గిన్నె దొర్లిన మోత. తలుపు ధడాలుమంది. ఎవరో మెట్లమీద పడుతూ లేస్తూ కిందికి పరిగెత్తారు.

"దెయ్యం పారిపోతోంది పిల్లా!" అంది పెద్దమ్మ. "పద, చూద్దాం."

కింద వాచ్‌మన్ బాబాయి కుర్చీ వెనక, దుప్పటి నెత్తిదాకా కప్పుకుని ఒక ముసలాయన గజగజ వణికిపోతున్నాడు. రెండో అంతస్తులో, సరిగ్గా చివరి గది కింద ఉండే పేపర్ల తాత. పాత పేపర్లు పరుచుకుంటే తప్ప పరుపుమీద కూడా పడుకోడు కాబట్టి ఆ పేరు.

"పైగదిలో దెయ్యముంది తల్లీ!" అన్నాడు తాళాలక్కని చూసి. "ఎప్పుడన్నా అడుగుల చప్పుడు వినిపించేది, పిలిస్తే పలికేది కాదు. ఇవాళ... ఇవాళ పలికేసింది!"

తాళాలక్కకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పెద్దమ్మ మాత్రం నడుంమీద చేతులేసుకుని తాతని ఎగాదిగా చూసింది.

"ఆసుపత్రి గోడ మనిషివా నువ్వు?"

తాత దుప్పటి దించాడు. "అవును. శవాలగది వైపు."

"నాది మందులకొట్టు వైపు. శవాలగది పక్కన పడుకున్నవాడివి, నా గొంతుకి జడుసుకున్నావా?"

వాళ్ళిద్దరి మాటల్లో అప్పుడు తాళాలక్కకి తెలిసింది. రాత్రి ఆ గోడవారన పడుకునేముందు ఈ చివర ఒకరు "ఉన్నావా?" అని పక్కవాళ్ళని అడుగుతారు. వాళ్ళు "ఉన్నా" అని, తమ పక్కవాళ్ళని అడుగుతారు. ఆ మాట గోడ పొడుగునా ఆ చివరిదాకా పోతుంది. ఎవరన్నా పలక్కపోతే లేచి వెళ్ళి కుదుపుతారు. గోడ మనుషులకి తప్ప ఊళ్ళో ఇంకెవరికీ తెలియని అలవాటు. పగలు వచ్చిపోయే కేంద్రం వాళ్ళకి అసలే తెలీదు.

"ఒక చలి రాత్రి నా పక్కాయన పలకలేదు" అన్నాడు తాత. "కుదిపాను. లేవలేదు. అప్పట్నుంచీ ఎవరో ఒకరు ఉన్నా అంటే గానీ నాకు కునుకు పట్టదు. ఇక్కడ పక్కన గోడే గానీ మనిషి లేడు. పైన చప్పుడైతే గొట్టాల సందులోంచి అడిగేవాణ్ణి. పలక్కపోతే, ఈయనా పోయాడేమో అని..."

మిగతాది చెప్పలేక ముక్కు ఎగబీల్చాడు.

తాళాలక్క తల వంచుకుంది. గది ఇచ్చాం, మంచం ఇచ్చాం అని మురిసిపోయారు గానీ, చీటీలు తీసి పక్కమనిషిని లాగేశామని ఒక్కరికీ తట్టలేదు. తెల్లారగానే మేనేజరు గారితో చెప్పాలి — ఇకమీదట తాళం ఇచ్చేముందు, నీ పక్కన ఎవరు పడుకునేవారని అడగాలని. ఆయన గొణుగుతాడు. గొణగనీ.

"ఇక చాలు, పోయి పడుకో" అని పెద్దమ్మ తాతని కసిరింది. "మళ్ళీ అడుగు, పలుకుతా. పలికితే మాత్రం పరిగెత్తకు, కాళ్ళు విరుగుతాయి."

పైకొచ్చి పడుకున్నారు. కాసేపటికి గొట్టాల సందులోంచి, సిగ్గుపడుతూ —

"ఉన్నావా...?"

"ఉన్నా. పడుకో."

కింద ఎవరో నిండుగా ఊపిరి వదిలారు. గది సద్దుమణిగింది. తాళాలక్క కళ్ళు మూసుకోబోతుంటే, గుమ్మం దగ్గర్నుంచి చీకట్లో మాట వినిపించింది.

"పిల్లా... ఉన్నావా?"

తాళాలక్క ఉలిక్కిపడింది. ఊరికి ఆ చివర అద్దెగదిలో ఒక్కతే ఉంటుంది. రాత్రిపూట ఆ మాట ఆమెని అడిగినవాళ్ళెవరూ లేరు.

"ఉ... ఉన్నా పెద్దమ్మా."

"ఇంత ఆలస్యమా? గోడ దగ్గరైతే ఈపాటికి వచ్చి కుదిపేసేదాన్ని."

సాయంత్రం నుంచీ నాలుక చివర ఆపుకుంటున్న మాట తాళాలక్క అడిగేసింది. "రేపు కూడా ఇక్కడే ఉంటావా పెద్దమ్మా?"

పెద్దమ్మ అటు తిరిగి పడుకుంది.

"ఉండకపోతే కింద ఆ ముసలాడికి ఎవరు పలుకుతారు, మీ మేనేజరా?"