పదిహేడు నిమిషాల నీడ

ఆ గదిలో చీకటన్నదే లేదు. నాలుగు గోడలూ తెలుపు. నడుమ ఒక బల్ల, దాని మీద అరచెయ్యంత గాజుపలక, పైన ఎప్పుడూ ఆర్పని దీపాల చట్రం. గాజు మీద కంటికి ఆనని ట్రాన్సిస్టర్లున్నాయి. కిటికీ అద్దాన్నే టీవీ తెరగా మార్చాలంటే అలాంటివి కావాలి. కానీ వాటిలో వాడే సేంద్రియ సెమీకండక్టర్ ఒట్టి సుకుమారి, వెలుగు తగిలితే చాలు, పాడైపోతుంది. వెయ్యి గంటల వెలుగును ఓర్చుకునేదాన్ని ఆరేళ్లు కిందా మీదా పడి అక్క తయారుచేసింది.

అక్క అక్కడ రసాయనాలు కలిపే మనిషి. ఎడమచేతి వాటం. పక్కగదిలో కూచుని, పలకలో పారే కరెంటును కంప్యూటర్ తెర మీద గడుల్లో చూపే గీతను కనిపెట్టుకుని ఉండే కొలతలమ్మాయిని నోరారా 'చెల్లీ' అని పిలిచేది.

దీపాల గదికి గాలి లాగే ఫ్యాను ఉంది, స్విచ్చి బయట. దాన్ని వెయ్యనిచ్చేవాడు కాదు ల్యాబు పెద్దాయన. "వెయ్యకు, గాజు కదులుతుంది" అనేవాడు. వెయ్యి గంటలు, వెయ్యి గంటలు అని ప్రాణం తీస్తాడని వెనకాల అందరూ గంటలయ్య అనేవారు. తలుపు లోపలి పిడి ఊడిపోయిందని అక్క మూడుసార్లు రాసిచ్చింది. పరీక్ష అయ్యాక చూద్దాంలే అన్నాడు.

పరీక్ష ఆరువందల పన్నెండో గంటలో, పట్టపగలు పన్నెండింటికి, అక్క లోపల ఉండగా ద్రావణం సీసా పగిలి విషపు ఆవిరి కమ్ముకుంది. కొలతలమ్మాయి భోజనానికి వెళ్లింది. గీత ముందు గంటలయ్య ఒక్కడే ఉన్నాడు. గాజు మీద నీడ పడితే కరెంటు ఒక్క పిసరు తగ్గుతుంది. ఆ సంగతి అక్కకు తెలుసు. బయట చెల్లి చూస్తూ ఉంటుందనుకుని గాజు మీద చెయ్యి ఆడించింది. గీత ఒక గడి దిగి, పదిహేడు నిమిషాలు వణికింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు. యంత్రంలో ఊరికే వచ్చే నాయిస్ అనుకున్నానని తర్వాత పోలీసులకు చెప్పాడు. శవాన్ని మోసుకొచ్చేటప్పుడు కూడా దీపం ఆర్పనివ్వలేదు.

మూడు నెలలయింది. రిపోర్టు తయారైంది. పదార్థాన్ని కనిపెట్టినవారు అన్నచోట గంటలయ్య పేరుంది. అక్క పేరు భూతద్దం పెట్టి వెతికినా లేదు.

"గీత దిగినచోటు చెరిపేసి సంతకం పెట్టు" అన్నాడు కొలతలమ్మాయితో.

కొత్త పలక, కొత్త దీపాలు, గడియ పెట్టిన ఖాళీ గది. అయినా రోజూ పన్నెండింటికి గీత ఒక గడి దిగుతోంది. పదిహేడు నిమిషాలు.

"అది నీడ సార్. లోపల ఎవరో నిలబడుతున్నారు."

"మతి పోయిందా నీకు? నాయిస్."

ఆ మాటకు ఆమె ఒళ్లు మండిపోయింది. "అయితే పన్నెండవుతోంది. వెళ్లి చూడండి."

"చూస్తాను. నేను కొడితే తలుపు తియ్యి."

లోపలి పిడి ఇంకా ఊడే ఉంది. తలుపు తెరవగానే తియ్యటి ద్రావణం వాసన గుప్పుమంది. లోపల ఒక్క సీసా కూడా లేదు. ఆయన వెళ్లాడు. ఆమె గడియ వేసి తెర ముందు కూచుంది.

గీత ఒక గడి దిగింది. గంటలయ్య భారీ మనిషి, బల్ల మీదికి వంగాడో ఏమో, ఇంకో మూడు గడులు దిగింది. మొత్తం నాలుగు.

తలుపు వెనక గుసగుస... "ఎవరది..."

తర్వాత ఏమీ లేదు. దీపాల సన్నని రొద... అంతే.

తలుపు మీద మూడు దెబ్బలు.

తియ్యకపోతే? మూడు నెలల్లో ఇంత హాయైన ఆలోచన ఆమెకు రాలేదు. అయినా లేచి తీసింది. గంటలయ్య బయటికొచ్చి, తలుపు మూసి, గడియ తనే వేశాడు. ఆమె తెర వైపు చూసింది.

గీత పైకి లేచింది. ఒక్క గడి.

మూడు గడులు అలాగే ఉన్నాయి.

ఆయన కుర్చీలో కూచుని రిపోర్టు దగ్గరికి లాక్కున్నాడు. కలం ఎడమ చేత్తో తీశాడు. తన పేరు కొట్టేశాడు. పైన అక్క పేరు రాశాడు. ఆ గుండ్రటి అక్షరాలు అక్కవే... ఆరేళ్లుగా సీసాల మీద చూసిన రాత.

తెర మీద గీత వణకడం మొదలుపెట్టింది. గాజు మీద ఎవరో చెయ్యి ఆడిస్తున్నారు. వెడల్పాటి చెయ్యి. ఆగి... మళ్లీ... ఇంకా వేగంగా.

ఆమె చెయ్యి తనంతట తనే ఫ్యాను స్విచ్చి మీదికి వెళ్లింది.

"వెయ్యకు చెల్లీ" అన్నాడాయన మెల్లగా, తల ఎత్తకుండా. "గాజు కదులుతుంది."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. గోడ గడియారం చూసింది. ఒక నిమిషం అయింది.

ఇంకా పదహారు.