గుండ్లవాగు నాయకపత్రం

అనసూయ వాకిట్లో మంచం వాల్చి, పాత చీర పరిచి, ఊరి ప్రాణపత్రాలకు ఎండ చూపిస్తున్నది. ఎండ తగలగానే పత్రాలు ఒక్కొక్కటిగా మేలుకున్నాయి. రాతిదున్న తల విదిలించింది. గాలిగుర్రం చెవులు నిక్కించింది. అరచేయంత పలకలో నిప్పుసింహం లేచి నిలబడి, జూలు విరబోసుకుని గర్జించింది. పక్కనున్న తాబేలు గబుక్కున తల లోపలికి లాక్కుంది.

"సర్పంచ్ సాబు అప్పుడే దాక్కున్నడు" అంది అత్త శిరీషవ్వ, అరుగు మీద కూర్చుని బీరకాయ చెక్కు తీస్తూ.

అనసూయకు నవ్వాగలేదు. ఆ తాబేలు సర్పంచ్ నవీనయ్యదే. ప్రాణపత్రం చెయ్యడానికి పెద్ద తతంగమేమీ లేదు. ఖాళీ పలకను మనిషి మణికట్టుకు కట్టి ఒక పంటకాలం వదిలేస్తే చాలు. నాడి కొట్టుకునే తీరు, కోపమొస్తే నెత్తురు కాగే తీరు, ఎవరిని చూస్తే గుండె నెమ్మదిస్తుంది, ఎవరిని తలచుకుంటే అదురుతుంది, అన్నీ పలక తాగేస్తుంది. తాగిన గుణానికి తగిన రూపాన్ని తానే కల్పించుకుంటుంది. నవీనయ్య పులో ఏనుగో రాకపోతుందా అని మళ్లీ మళ్లీ కట్టుకున్నాడు. ప్రతిసారీ తాబేలే వచ్చింది. చివరిసారి కొంచెం ఒళ్లు చేసిన తాబేలు.

ఒకప్పుడు కాలువ నీళ్ల కోసం ఊళ్లు కర్రలు పట్టేవి. తలలు పగిలేవి. అప్పుడు జలమండలి వాళ్లు ప్రతి తూము దగ్గరా ఒక రణఫలకం కట్టారు. ఇక మనుషులు కొట్టుకునే పని లేదు, పత్రాలే కొట్టుకుంటాయి. గెలిచిన ఊరి వైపు తూము దానంతటదే తెరుచుకుంటుంది. మెల్లగా ఆ అలవాటు ఊళ్లోకి కూడా పాకింది. గట్టు తగాదా వచ్చినా, పెళ్లి ఊరేగింపు ఏ వీధిన ముందు పోవాలన్నా, జనం చిన్న ఫలకం ముందు కూర్చుని పత్రాలు దించుతున్నారు. నోరు పెట్టుకోవడం దాదాపు మరిచిపోయారు. దాంతోపాటు, నోరు పెట్టుకున్నాక మళ్లీ కలిసిపోవడం కూడా మరిచిపోయారు.

ఆటలో మనిషి ఆజ్ఞలు చెల్లవు. పత్రధారి చేసేదల్లా ఒక్కటే. పేకలో దేన్ని నాయకపత్రంగా ఫలకం నడుమ నిలపాలో ఎంచడం. ఆ తర్వాత పత్రాలు వాటి గుణం కొద్దీ అవే నడుస్తాయి. నాయకుడు సరైనవాడైతే పేకంతా ఒక్క చెయ్యిలా కదులుతుంది. కాకపోతే ఎవరి దారి వారిది. గుండ్లవాగుకు పత్రధారి అనసూయ. నారుమడికి మొదటి తడి కోసం మధ్యాహ్నం తూము దగ్గర ఆట. ఈసారి చీటీలో మొదటిసారిగా మేడిచెల్కతో జత పడింది.

నవీనయ్య బలమాపిని చంకలో పెట్టుకుని వచ్చాడు. పత్రంలోని కాకను అంకెల్లో చూపే ఆ యంత్రాన్ని ఒక్కోదాని మీద ఆనించి చూశాడు. నిప్పుసింహం తొమ్మిదివందలు దాటింది. అది పొలాల మీద మందు చల్లే ఎగురుబండ్లు నడిపే ఓదెలుది. ఇరవై దాటిన ఒంటి వేడి కదా. తర్వాత శిరీషవ్వ పత్రం. రెండు తలల గండభేరుండం, రెక్కలు ముడుచుకుని కూర్చుంది. యంత్రం నూట నలభై దగ్గర ఆగింది.

"చెల్లె, ఇంక ఆలోచనెందుకు? యంత్రమే చెప్తున్నది. సింహాన్ని పెట్టు" అన్నాడు.

"సింహం ముందటుంటే తక్కినవి దాని మాట వింటలేవన్నా. నిన్న సాధకంల చూసిన. అది ఉరుకుతది, ఇవి ఎనుకకు చూస్తయి."

"ఎనుక ఏమున్నది?"

"మా అత్తమ్మ పత్రం ఉన్నది."

నవీనయ్య గండభేరుండం వైపు చూశాడు. దాని ఒక తల నిద్రపోతున్నది. రెండో తల అతన్నే చూస్తున్నది. అతను చూపు తిప్పుకున్నాడు.

"చిన్నమ్మా, నువ్వే చెప్పు" అన్నాడు శిరీషవ్వతో.

"నన్ను పెట్టకుండ్రి" అంది ఆమె, కత్తిపీట మీంచి తలెత్తకుండా. "ముసలిదాన్నైన. దాని ముక్కు మొద్దువడ్డది. ఓదెలు పోరడు ఉన్నడు గదా, వాన్ని ఉరకనీ."

అది ముసలితనం కాదని అనసూయకు తెలుసు. మేడిచెల్క శిరీషవ్వ పుట్టిల్లు. ఆ ఊరి నాయకపత్రం ఏడు పడగల నాగు, ఆమె తమ్ముడు రాకేశంది. పత్రానికి దెబ్బ తగిలితే అది ఎవరిదో వాళ్ల మణికట్టు చురుక్కుమంటుంది. తమ్ముడి కాటు తన చేతి మీద పడటం ఆమెకు ఇష్టం లేదు.

ఆ తమ్ముడితో మాటలు పోయింది కూడా అనసూయ వల్లే. రాకేశం కూతురు కౌసల్యను శిరీషవ్వ కోడలిగా చేసుకుంటుందని రెండు ఊళ్లూ అనుకున్నాయి. కొడుకు సత్తయ్య మాత్రం అనసూయను చేసుకుంటానన్నాడు. శిరీషవ్వ కొడుకు మాటే నిలబెట్టింది. రాకేశం కేకలెయ్యలేదు, తగాదాకు రాలేదు. రావడం మానేశాడంతే. ఆ ఏటి నుంచి అక్కకు ఒడిబియ్యం పోయలేదు.

పసుపు కలిపిన బియ్యం తెచ్చి, పుట్టింటివాళ్లు ఆడబిడ్డ కొంగు పట్టించి ఒడిలో పోస్తారు. నీకు వెనక మనుషులున్నారని చెప్పడం అది. ఇరుగుపొరుగు ఇళ్లలో ఒడిబియ్యం పోస్తుంటే శిరీషవ్వ పోయి పాటలు పాడి, భోజనం చేసి వచ్చేది. ఇంటికొచ్చాక ఆ పూట ఎవరితోనూ మాట్లాడేది కాదు. నీ మూలంగా అని కోడలిని ఒక్కనాడూ అనలేదు. అంటే బాగుండునని అనసూయకు చాలాసార్లు అనిపించింది.

"సరే అన్నా, సింహాన్నే పెడ్త" అంది. అత్త మాట తీసెయ్యడం ఆమెకు చేతకాలేదు.

మధ్యాహ్నానికి తూము దగ్గర రెండు ఊళ్లూ దిగాయి. మిరపకాయ బజ్జీల బండి కూడా దిగింది. కల్లమంత రాతి ఫలకానికి ఇటు గుండ్లవాగు, అటు మేడిచెల్క. జలమండలి తరఫున ఇందుమతి అనే అధికారిణి కుర్చీ వేయించుకుని కూర్చుంది. పత్రాలు దించగానే అరచేయంత బొమ్మలు వెలుగులోంచి పెరిగి బర్రెలంత అయ్యాయి.

నిప్పుసింహం ఆగలేదు. గర్జించి దూకింది. ఓదెలు ఈల వేశాడు. రాతిదున్న, గాలిగుర్రం, తక్కినవన్నీ ఉన్నచోటే నిలబడి మెడలు వెనక్కి తిప్పాయి. గీత అవతల, పక్కవరసలో కూర్చున్న గండభేరుండం వైపు. ఈలోగా నాగు ఏడు పడగలూ విప్పి సింహాన్ని చుట్టేసింది. జూలు మంట ఒక్కో పాయా ఆరిపోతూ వచ్చింది.

"వదినె, నా చెయ్యి మండుతున్నది" అన్నాడు ఓదెలు మణికట్టు పట్టుకుని.

"ఈల ఎయ్యి, సల్లవడ్తది" అన్నారెవరో వెనక నుంచి.

నాయకుడు పూర్తిగా పడేలోపు ఒక్కసారి మార్చుకోవచ్చు. అనసూయ చెయ్యి పేక మీద ఉంది, కదలడం లేదు. మొదటి తడి పోతే నారు ముదిరి, నాట్లు వెనకబడి, ఊరంతా చేలగట్ల మీద కూర్చుని తననే తలచుకుంటుంది. గండభేరుండాన్ని దించితే అత్త చెయ్యి మండుతుంది, అదీ తమ్ముడి చేతుల మీదుగా, రెండు ఊళ్ల ముందర.

శిరీషవ్వ జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చింది.

"నన్నెయ్యి బిడ్డా."

"అత్తమ్మా, అవతల మామ పాము ఉన్నది."

"నాకు కనవడ్తలేదా? వానిది చిన్నప్పటి సంది గంతే, పడగలెక్కువ. కొడ్తే కొట్టనీ. నా కోపం నా ఇంట్లది, నారుమడి ఊరిది."

ఫలకానికి అటువైపు రాకేశం తుండుగుడ్డ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. అక్క మాటలు వినపడ్డాయో లేదో, కాలువ వైపు చూస్తున్నాడు.

అనసూయ సింహాన్ని తీసి గండభేరుండాన్ని నడుమ నిలిపింది. పక్షి మెల్లగా లేచి నిలబడింది. అరవలేదు, ఎగరలేదు. అటూ ఇటూ రెండు తలలూ తిప్పి తనవాళ్లను ఒకసారి చూసుకుంది. అంతే, రాతిదున్న కొమ్ము వంచింది, గాలిగుర్రం పక్కకొచ్చి నిలబడింది. తాబేలు సైతం తల బయటపెట్టింది. గుండ్లవాగు జనంలో కదలిక పుట్టింది. నవీనయ్య బలమాపినిని అరచేత్తో తట్టి చూసుకున్నాడు.

నాగు పడగలెత్తి పాకుతూ వచ్చింది. పక్షికి ఎదురుగా ఆగింది. శిరీషవ్వ మణికట్టును కొంగులో చుట్టుకుని పళ్లు బిగపట్టింది.

ఏడు పడగలూ కిందికి వంగాయి. కాటు వెయ్యడానికి కాదు. నోళ్లు తెరిచి, పక్షి కాళ్ల దగ్గర ఏదో రాల్చాయి. పచ్చగా, సన్నగా, గింజలు. ఫలకం లోపలి గొంతు గంభీరంగా చెప్పింది:

"గుర్తు తెలియని ఆయుధం. గాయం సున్న."

నాగు మళ్లీ రాల్చింది.

"గుర్తు తెలియని ఆయుధం. గాయం సున్న."

మగవాళ్లు అయోమయంగా చూస్తున్నారు. ఆడవాళ్లు మాత్రం ఆ గింజల వైపు ఒకరికొకరు వేలు చూపించుకుంటున్నారు. మేడిచెల్క వైపు నుంచి ఒక ముసలామె అంది, "ఒడిబియ్యం పోస్తున్నది గదనే."

గండభేరుండం కుడిరెక్క ముందుకు చాపి, కొంగు పట్టినట్టు దోసిలిగా వంచింది. గింజలు అందులో పడ్డాయి. రెండు ఊళ్ల పత్రాలూ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. గాలిగుర్రం మేడిచెల్క ఎలుగుబంటి పక్కకు పోయి, ఇంట్లో చుట్టాలు దిగినప్పుడు పశువులు కొట్టంలో సర్దుకున్నట్టు సర్దుకుంది.

శిరీషవ్వ చెయ్యి కొంగులోంచి బయటికి తీసింది. మణికట్టు మండలేదు. గోరువెచ్చగా ఉంది.

ఇందుమతి కుర్చీలోంచి లేచింది. "ఎవరైనా ఒకరు గెలవాలండీ. ఇట్లా ఆగితే తూము తెరుచుకోదు. మీ పామును కొట్టమనండి" అంది రాకేశంతో.

"అది నా మాట వింటదా అమ్మా? ఆట పెట్టింది మీరే" అన్నాడు రాకేశం.

"మరి నీళ్లు?"

"చెరి సగం."

"సగానికి నిబంధన లేదండీ."

"నిబంధన లేకుంటే చేతులున్నయి." అతను తూము పక్కనున్న పాత చేతిచక్రం దగ్గరికి నడిచాడు. ఫలకం వచ్చినప్పటి నుంచి ఎవరూ ముట్టక అది తుప్పుపట్టింది. ఒక్కడివల్ల కదల్లేదు. ఓదెలు మణికట్టు రుద్దుకుంటూనే పోయి పట్టాడు. సత్తయ్య పట్టాడు. మేడిచెల్క కుర్రాళ్లు పట్టారు. చక్రం కీచుమని అరిచి, తిరిగింది. నీళ్లు రెండు కాలువల్లోకీ పడ్డాయి. ఇందుమతి ఫోను తీసి పైవాళ్లకు ఏదో చెప్పబోయి, ఎలా చెప్పాలో తెలియక మళ్లీ సంచిలో పెట్టుకుంది.

రాకేశం చేతులకున్న తుప్పు తుండుగుడ్డకు తుడుచుకుంటూ అక్క ముందుకొచ్చాడు. ముందు అనసూయను చూశాడు. ఇన్నేళ్లలో ఆమె ముఖం వైపు చూడటం ఇదే మొదటిసారి.

"ఈ పిల్లేనా?"

"ఈ పిల్లే" అంది శిరీషవ్వ.

అతను తల ఊపి, అక్క వైపు తిరిగాడు. "నేనేం చెప్పలేదక్కా ఆ పాముకు. నాకే తెల్వదు."

"నువ్వు చెప్పలేదురా. అందుకే నమ్ముతున్న."

బజ్జీల బండి దగ్గరి నుంచి అనసూయ ఆకు దొన్నెలో నాలుగు తెచ్చి మామ చేతిలో పెట్టింది. అతను ఒకటి కొరికి, కారానికో మరి దేనికో, కళ్లు తుడుచుకున్నాడు.

మంచిరోజు చూసుకుని రాకేశం కుటుంబం బండి దిగింది. బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, చీర, పసుపు. కౌసల్య కూడా వచ్చింది, చంకలో పిల్లతో. వంటింట్లో అనసూయ ఆమె ముఖం చూడలేక పొయ్యి వైపే తిరిగి నిలబడింది.

"అక్కా, ఇటు తిరుగు" అంది కౌసల్య. "నువ్వే నన్ను కాపాడినవ్. సత్తి బావ గురక సంగతి నాకు చిన్నప్పుడే ఎర్క."

"గురకా? అది తూము తెరిచినట్టుంటది" అంది అనసూయ. ఇద్దరూ నవ్వితే పిల్ల కూడా నవ్వింది. అవతలి గదిలో శిరీషవ్వ కొంగు పట్టి కూర్చుంది. రాకేశం దోసిళ్లతో బియ్యం పోస్తున్నాడు. గింజలు ఒడి దాటి నేలంతా రాలుతున్నాయి.

మర్నాడు ఎండపొద్దుకు నవీనయ్య మళ్లీ బలమాపినితో వచ్చాడు. తర్వాతి తడికి చింతకుంటతో జత పడిందట. చుట్టుపక్కల పత్రధారులంతా ఇప్పుడు బలాలు అడగడం మాని, మీ కోడళ్లు ఏ ఊరి ఆడబిడ్డలని అడుగుతున్నారట. జలమండలి వాళ్లకు ఏం చెయ్యాలో తోచడం లేదట.

యంత్రాన్ని గండభేరుండం మీద ఆనించాడు. ముల్లు కిందికి జారి, జారి, తొంభై దగ్గర నిలిచింది.

"ఇంకా దిగింది చెల్లె. ఏమైంది చిన్నమ్మకు, పానం బాగలేదా?"

అనసూయ అరుగు వైపు చూసింది. శిరీషవ్వ గోడకు చేరగిలి, నోరు కొంచెం తెరిచి, పట్టపగలు నిద్రపోతున్నది. కొత్త చీర మడతల్లో రెండు మూడు పసుపు గింజలు ఇంకా అంటుకునే ఉన్నాయి. పత్రంలో గండభేరుండం రెండు తలలూ రెక్కల కింద దాచుకుంది.

"నెమ్మదిగ మాట్లాడన్నా, లేస్తది" అని, అనసూయ ఆ పత్రాన్ని తీసి పేకలో అన్నిటికీ పైన పెట్టింది.