పేరు చెప్పొద్దన్న అమ్మాయి

"ఆగండి! పేరు చెప్పకండి!"

ఆమె నాతో అన్న మొదటి మాట అది. అదీ కసురుతూ.

నేను బిత్తరపోయాను. మందుల గోదాములో ప్యాకింగ్ గుమాస్తాని. ఫోన్లో ముందు పేరు, తర్వాత సంగతి చెప్పడం అలవాటు. 'నేరం గురించి తెలిస్తే చెప్పండి, మీరెవరో అడగం' అని బస్టాపులో పోలీసుల పోస్టర్ చూసి, భోజనాల వేళ డాబా ఎక్కి చేసిన ఫోను అది.

"సారీ అండీ. మరి నన్నెలా పిలుస్తారు?"

"నంబరుతో. మీరు ముప్ఫై ఒకటి. మీ ఫోన్ నంబరు కూడా మాకు కనపడదు. ఇప్పుడు చెప్పండి, నిదానంగా."

చెప్పాను. మా గోదాములో డేటు దాటిపోయిన పిల్లల దగ్గు సిరప్ సీసాల్ని వేణ్ణీళ్ళలో నానబెట్టి, పాత లేబుళ్ళు ఊడదీసి కొత్తవి అంటిస్తున్నారు. పొద్దున నేను పట్టుకున్న సీసాకి జిగురింకా ఆరలేదు.

"మీకు భయంగా ఉందా?" ఈసారి గొంతు మెత్తబడింది.

"లేదండీ."

"మరి ఆ టకటకేంటి?"

"నా మోకాళ్ళు నీళ్ళ ట్యాంకుకి కొట్టుకుంటున్నాయి."

పకపకా నవ్వింది. వెంటనే దగ్గి, ఆఫీసు గొంతు తెచ్చుకుంది. ఆ నవ్వుకీ దగ్గుకీ మధ్య ఎక్కడో నేను పడిపోయాను.

ఆ తర్వాత మూడుసార్లు చేశాను. లారీ ఏ రోజు వస్తుందో, ఏ పెట్టెల మీద ఏ గుర్తుందో చెప్పాను. రెండు నిమిషాల సంగతిని పది నిమిషాలు చెప్పాను.

"ఇంకేమైనా సమాచారం ఉందా?"

"ఇక్కడ వాన పడుతోందండీ."

"అది నేరం కాదు."

"మీ దగ్గర పడుతోందా?"

"చెప్పకూడదు." గొంతు తగ్గించి, "కిటికీ వెయ్యాల్సొచ్చింది లెండి" అంది.

అంటే ఇద్దరం ఒకే మబ్బు కింద ఉన్నాం! ఆ రోజంతా తడిసిన చొక్కాతోనే తిరిగాను.

ఐదోసారి ఫోన్ చేసేసరికి పోలీసులు గోదాముకి తాళం వేసేశారు.

"సరుకంతా దొరికింది. మీరిక ఫోన్ చెయ్యక్కర్లేదు, ముప్ఫై ఒకటి."

"అక్కర్లేకపోయినా చెయ్యొచ్చా?"

"ఈ లైను కోసం ఇంకెవరో భయంభయంగా ఎదురుచూస్తుంటారండీ. ఉంటాను."

నాకు ఆమె ఊరూ పేరూ తెలీదు, ముఖం తెలీదు. ఉన్నదల్లా ఒక గొంతు. బస్సులో ఎవరు మాట్లాడినా చెవులు రిక్కించేవాణ్ణి. కొట్టు ముందు ఎవరైనా నవ్వితే వెనక్కి తిరిగేవాణ్ణి. ఏ ఒక్కటీ ఆ గొంతు కాదు.

ఇంతలో ఘోరం జరిగింది. లేబుళ్ళ పనంతా మేం బాబాయ్ అని పిలిచే లారీ డ్రైవరే చేశాడని చెప్పి యజమాని తప్పుకున్నాడు. బాబాయ్‌ని లోపలేశారు. కొత్త లేబుళ్ళ కట్ట యజమాని స్వయంగా తెచ్చివ్వడం నేను కళ్ళారా చూశాను.

మళ్ళీ ఫోన్ చేశాను. ఆమే ఎత్తింది. చూసింది స్టేషనుకెళ్ళి చెప్తానన్నాను.

"మీరు బయటికొస్తే ఆ యజమానికి మీరెవరో తెలిసిపోతుంది" అంది. "మిమ్మల్ని దాచడమే నా పని."

"బాబాయ్‌ని ఎవరు దాస్తారండీ?"

"జాగ్రత్త" అంది. అంతే, పెట్టేసింది.

స్టేషనుకెళ్ళి వాంగ్మూలం ఇచ్చాను. ఆ వారమే మా ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. "తలుపు గట్టిదేలేరా" అంది అమ్మ. మూడు నెలలు గడిచాయి. ఆ నంబరు నొక్కడం, మోగకముందే కట్ చెయ్యడం. సమాచారం లేకుండా ఆ లైను వాడుకోవడానికి నాకు మనసొప్పలేదు.

కోర్టులో రెండు గంటలు నిలబెట్టారు. యజమాని లాయరు అడిగిందే పదిసార్లు అడిగాడు. చూసింది చూసినట్టు చెప్పాను. సాయంత్రానికి బాబాయ్‌ని విడిచిపెట్టమన్నారు జడ్జిగారు. బాబాయ్ నన్ను పట్టుకుని ఏడ్చేశాడు.

ఆయన వెళ్ళాక వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఎంతసేపు మాట్లాడారో! ముందు నీళ్ళు తాగండి."

అదే గొంతు! తిరిగి చూశాను. చేతిలో నీళ్ళ సీసా, కళ్ళ నిండా నీళ్ళు.

"మీరు... ఎలా..."

"ఇవాళ ఈ కేసు విచారణ అని తెలిసి సెలవు పెట్టి వచ్చాను. మీరు నోరు విప్పగానే తెలిసింది." కొంగుతో కళ్ళొత్తుకుంది. "నిన్నటిదాకా మిమ్మల్ని కలవడం తప్పు. ఇవాళ అందరి ముందూ మీరే బయటపడ్డారు. ఇంక నేను దాచాల్సిందేమీ లేదు."

"నేనొక్కణ్ణే ఎదురుచూస్తున్నాననుకున్నా."

"ప్రతి ఫోనూ మీదేననుకుని ఎత్తేదాన్ని. సైకిల్ దొంగని పట్టించినవాళ్ళ మీద కూడా కోపం వచ్చేది, మీరు కానందుకు!"

ఇద్దరం నవ్వుతుంటే, నాతో కోర్టుకొచ్చిన అమ్మ మా దగ్గరికి వచ్చింది. "ఎవరమ్మా నువ్వు?"

"ఫోన్లో పరిచయం అండీ" అంది తల దించుకుని.

అమ్మ ఆమెను చూసింది, నన్ను చూసింది. "మూడు నెలలుగా వీడు కంచంలో చెయ్యి పెట్టి దిక్కులు చూస్తుంటే కోర్టు భయమనుకున్నా" అని ఆమె చెయ్యి పట్టుకుంది. "నడు తల్లీ ఇంటికి. నువ్వు పక్కనుంటేనైనా తింటాడేమో."

ఆ పూట నేను మూడుసార్లు మారు వడ్డించుకున్నాను.