నాలుగడుగుల వెలుగు

ఇలా రండి. అంత దూరంలో కూర్చుంటే నేను గొంతు చించుకోవాలి. ఇది గట్టిగా చెప్పే కథ కాదు. ఆ చివర ఉన్నవాళ్ళు కూడా జరగండి... ఇంకొంచెం. చెప్పులు అక్కడే ఉండనీ, ఎవరూ ఎత్తుకుపోరు.

రోడ్డు మలుపులో ఉన్న ఖాళీ ఇంటి దగ్గరికి పొద్దుగూకాక ఎవరూ వెళ్ళరని మీకు తెలుసు. ఎందుకో తెలుసా?

ఆ రోడ్డు తిన్నగా వచ్చి వచ్చి, ఆ ఇంటి ప్రహరీ గోడకి ముక్కు తగులుతుందా అన్నంత దగ్గరికొచ్చి, చటుక్కున పక్కకి తిరుగుతుంది. చీకటి పడ్డాక ఆ గోడకి ఎదురుగా రెండు లైట్లు వెలుగుతాయని చెప్పుకుంటారు. కారు ఉండదు... లైట్లే. అవి కదలవు. దగ్గరికి రావు. జబ్బుపడ్డవాడి చూపులా మసగ్గా, అలా చూస్తూ ఉంటాయి.

ఇది నాకు మన దర్జీ చెప్పాడు. చొక్కాకి కొలతలు తీస్తూ మొదలుపెట్టి, టేపు నా మెడకి అలాగే వదిలేసి చివరిదాకా చెప్పాడు. ఆ చొక్కా భుజాలు ఇప్పటికీ ఒకటి పైకి, ఒకటి కిందకి.

ముందు ఆ లైట్ల సంగతి తెలియాలి మీకు.

అన్నదమ్ములిద్దరు. అన్న దుకాణాలకి బోర్డులు రాసే పెయింటరు. తమ్ముడు కిరాయి కారు నడిపేవాడు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే, తమ్ముణ్ణి అన్నే పెంచాడు. జడుసుకుంటే తన పక్కలో పడుకోబెట్టుకుని, దీపం ఆర్పకుండా తెల్లవార్లూ కూర్చునేవాడట.

ఆ తమ్ముడికి ఒక ముచ్చట పుట్టింది. కారు హెడ్‌లైట్ల లోపల నల్లరంగు వేయించాలి. అలా వేస్తే కారుకి భలే దర్జా వస్తుందని ఎక్కడో చూశాడు.

హెడ్‌లైటు లోపల ఏముంటుంది? బల్బు. దాని వెనక అద్దంలా మెరిసే ఒక గిన్నె. వెలుగుని పోగుచేసి ముందుకి విసిరేది ఆ గిన్నే. దాని చుట్టూ కేవలం అందానికి ఒక మెరుపు అంచు. నలుపు వేయాల్సింది అంచుకి. గిన్నెకి కాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఒక ఆదివారం రెండు లైట్లూ ఊడదీసి వంటింట్లోకి తెచ్చారు. ముందరి అద్దం జిగురుతో అతికి ఉంటుంది. వేడి తగిలితేగాని ఊడదు. అందుకని కేకులు కాల్చే ఓవెన్‌లో పెట్టారు.

వదిన నడుం మీద చెయ్యి వేసుకుని గుమ్మంలో నిలబడింది. “మనుషులకి వండటానికే నా ప్రాణం పోతోంది. ఇప్పుడు కారుకి కూడా వంటా?”

“కళ్ళకి మాత్రమే వదినా! మిగతా కారు బయట తినొస్తుందిలే,” అన్నాడు తమ్ముడు.

జిగురు మెత్తబడింది. అద్దాలు ఊడొచ్చాయి. కారు కడగడానికి పెరట్లోకి వెళ్తూ తమ్ముడు మళ్ళీ చెప్పాడు. “అన్నయ్యా, ఆ గిన్నె జోలికి పోకు. మెకానిక్కు మరీ మరీ చెప్పాడు.”

“రంగు వేయడం నాకు నేర్పుతావురా నువ్వు? పోరా!”

అన్న గిన్నెలకి కాగితం చుట్టి, టేపు వేసి, అంచులకి నలుపు కొట్టాడు. ఆరాక కాగితం తీశాడు. అంతా నున్నగా, నల్లగా ఉంది... మధ్యలో ఆ గిన్నె ఒక్కటి, ముసలాడి నోట్లో వెండి పన్నులా తళుక్కుమంటోంది.

బోర్డులు రాసేవాడికి మధ్యలో రంగు లేని చోటు కనబడితే చెయ్యి ఊరుకోదు. ఇరవై ఏళ్ళుగా ఎక్కడా ఒక్క చుక్క ఖాళీ వదలనివాడు. పల్చగా ఒక్క కోటింగే కదా అనుకున్నాడు.

వేసేశాడు. రెండిటికీ.

అద్దాలు మళ్ళీ వేడిచేసి, అదిమి, అతికించేశాడు. తమ్ముడొచ్చి బ్యాటరీకి తీగలు తగిలించి వెలిగించాడు. ఎదురుగా నాలుగడుగుల దూరంలో వంటింటి గోడ. గోడ మీద రెండు పసుప్పచ్చ చందమామలు పడ్డాయి.

“అబ్బ! పులి కళ్ళలా ఉన్నాయి అన్నయ్యా... కొంచెం డల్లుగా లేవూ?”

అన్నకి తెలుసు. చెబితే మళ్ళీ అన్నీ ఊడదీయాలి. పైగా తమ్ముడి ముందు చిన్నబోవాలి. “కొత్త నలుపు కదరా. కన్ను అలవాటు పడాలి,” అన్నాడు.

మూడోరోజు, పొద్దుగూకాక, తమ్ముడు ఆ మలుపు దగ్గరికి వచ్చాడు...

కారు పక్కకి తిరిగి, తలుపు వైపు గోడకి కొట్టుకుంది. లైట్లకి గీత కూడా పడలేదు. తమ్ముడు మిగల్లేదు. మర్నాడు జనం రోడ్డు చూశారు. బ్రేకు వేసిన గుర్తు గోడకి ఎంత ముందు మొదలైందో తెలుసా?

నాలుగడుగులు.

వంటింట్లో కనబడ్డంతే కనబడింది వాడికి. అంతకు మించి కనబడలేదు.

ఆ తర్వాత నెల తిరక్కుండానే, మలుపులో లైట్లు వెలుగుతున్నాయన్న మాట పుట్టింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం దర్జీ కుట్టిన బట్టల మూట భుజాన వేసుకుని ఇంటికి వస్తున్నాడు. ఎనిమిదైనట్టుంది. అవతలి వైపు నుంచి మలుపు తిరగ్గానే చూశాడు.

రెండు లైట్లు. మోకాలి ఎత్తులో. మసగ్గా.

వెనక కారు లేదు.

దర్జీ ఆగిపోయాడు. అప్పుడు వినబడింది... సర్... సర్... సర్... ఎవరో దేన్నో రుద్దుతున్నారు. రెండు లైట్ల మధ్య ఒక నల్లటి ఆకారం వంగి ఉంది. రుద్దుతుంటే ఒక లైటు ఇంకొంచెం మసకబారింది.

“ఇప్పుడు?” అని గుసగుస. కాసేపాగి... “పోనీ, ఇప్పుడో?”

దర్జీ భుజం మీది మూట జారి దబ్బున పడింది. ఆకారం ఇటు తిరిగింది.

“ఎవరది? అడ్డం తప్పుకో... గోడ కనబడాలి.”

ఆ గొంతు దర్జీకి తెలుసు. తన కొట్టు బోర్డు రాసిన మనిషి గొంతు.

“నువ్వా అన్నా! చంపేశావు కదయ్యా నన్ను!”

“నిన్ను కాదు,” అన్నాడు పెయింటరు.

దగ్గరికెళ్ళి చూస్తే, ఇటుకల మీద ఆ రెండు హెడ్‌లైట్లు. అద్దాలు తీసేసి ఉన్నాయి. పక్కన బ్యాటరీ, రంగు కరిగించే థిన్నర్ సీసా, నల్లబడ్డ గుడ్డపేలిక. దర్జీకి ఊపిరి తిరిగొచ్చింది. ఇదా దెయ్యం!

“ఏం చేస్తున్నావన్నా ఇక్కడ?”

“వాడు రోజూ ఈ వేళకే వస్తున్నాడు. గోడ కనబడక కొట్టుకుంటున్నాడు. ఒక్కసారి కనబడితే మలుపు తిరిగి ఇంటికొచ్చేస్తాడు. అందుకని నలుపు తుడుస్తున్నా.”

“పోతోందా?”

“పోతోంది. దాంతోపాటు కింద మెరుపు కూడా ఊడొచ్చేస్తోంది. రుద్దితే వెలుగు తగ్గుతోంది... రుద్దకపోతే నలుపు.”

“కొత్తవి తెచ్చి పెట్టరాదూ?”

“వాడి కారుకి ఉన్నవి ఇవే కదయ్యా.”

పెయింటరు దర్జీ చెయ్యి పట్టుకున్నాడు. “ఒక్క సాయం చేసిపెట్టు. వెళ్ళి ఆ గోడకి ఆనుకుని నిలబడు. నువ్వు కనబడితే వాడికి గోడ కనబడినట్టే.”

జాలేసి వెళ్ళాడు. నలభై అడుగులు. గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. చేతికి గరుకుగా తగిలింది, కారు చెక్కేసిన చోటు. ఎదురుగా రెండు చుక్కలు. అవి తమని తాము మాత్రమే చూపించుకుంటున్నాయి. దర్జీకి తన చెయ్యి తనకే కనబడలేదు.

“కనబడుతున్నానా అన్నా?” అని కేక వేశాడు. ఒక్కసారే.

అటు నుంచి, అలసిపోయిన గొంతుతో...

“లేదు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అడగండయ్యా... ఇద్దరూ ఒకేసారి అడిగితే ఎవరెక్కడున్నారో తెలియట్లేదు.”

గోడ దగ్గర దర్జీ ఒక్కడే ఉన్నాడు.

బట్టల మూట తెల్లారాక ఎవరో తెచ్చిచ్చారు. దర్జీ మళ్ళీ ఆ దారిన వెళ్ళలేదు. ఆ లైట్లా? ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. మొన్నటికన్నా నిన్న తక్కువ, నిన్నటికన్నా ఇవాళ తక్కువ. ఇంకొన్నాళ్ళకి గుడ్డపేలిక తప్ప ఏమీ మిగలదు.

ప్రతి కథకీ చివర నీతి అడుగుతారు మీరు. దీనికి నేనూ వెతికాను. దొరకలేదు.

ఇక లేవండి. అమ్మలు పిలుస్తున్నారు, అన్నాలు చల్లారిపోతాయి. మలుపు దాటి వెళ్ళేవాళ్ళు చేతులు పట్టుకుని నడవండి. చీకట్లోంచి ఆ పెయింటరు పిలిస్తే మీలో ఒక్కరే పలకండి. మీ పక్కన ఇంకో గొంతు కూడా పలికితే భయపడకండి... వాడు మిమ్మల్నేం చేయడు. ఇంటికి దారి అడుగుతున్నాడంతే.

పొండి, వెళ్ళి తినండి.