మంగళవారం తేదీ వేసిన పేజీ

“కోడ్ జోలికి ఎవరూ పోలేదు. మాన్యువల్ మార్చారు,” అన్నాడు పెద్దాయన, ఫైలు ముందుకు తోస్తూ.

ముంగిస ఫైలు తెరవలేదు. ఎదుటివాడి ముఖం చదివాకే కాగితం చదవడం అతని అలవాటు. డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏజెంటుని అందరూ అలాగే పిలుస్తారు. అసలు పేరు జీతాల గుమాస్తాకైనా తెలుసో లేదో!

పెద్దాయనే చెప్పుకుపోయాడు. “రైల్వే సిగ్నల్ ప్రోగ్రాములన్నీ సి భాషలో రాసిన ఒకే లైబ్రరీ మీద నడుస్తాయి. పట్టాలు మార్చడానికి, దీపాలు వెలిగించడానికి అందులో రెడీమేడ్ ఫంక్షన్లుంటాయి. ఏది ఎలా వాడాలో ఇంజనీర్లు చూసుకునేది మాన్యువల్లోనే. విదేశీ ముఠా అందులో ఒక్క పేజీ మార్చిందని కబురు. ఏ పేజీయో తెలీదు. సాయంత్రం ఐదింటికి జంక్షన్లో కొత్త ప్రోగ్రాం ఎక్కుతోంది.”

“ఆ మాన్యువల్ రాసే ఆఫీసులో మనవాళ్లెవరున్నారు?”

“నెమలి. ఈమధ్యే ఎడిటర్‌గా చేరింది. రెండు వైపులా పనిచేస్తుంది గానీ మన మనిషే. ‘నల్ల ఇంకుందా’ అనడుగు. ‘ఎరుపే మిగిలింది’ అంటుంది.”

మన మనిషే! ఆ మాట వింటేనే ముంగిసకి అనుమానం మొదలవుతుంది. ఇవాళ మరీను. ఐదూ రెండుకి ఆ జంక్షన్ దాటే ప్యాసింజర్ రైలు నడిపేది సాక్షాత్తూ అతని అక్క మొగుడు. ఆ సంగతి పెద్దాయనకి చెప్పలేదు. చెబితే కేసు ఇంకొకడికి పోతుంది.

మూడింటికల్లా సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకుని టెక్నికల్ రైటర్ అవతారమెత్తాడు. అద్దాల్లో కెమెరా, జేబులో మత్తు చల్లే పెన్ను. నాలుగో అంతస్తులో ఆఫీసు, గోడనిండా నియమాలు, వాటి మీద దుమ్ము.

“నల్ల ఇంకుందా?”

“ఎరుపే మిగిలింది,” అని నవ్వింది నెమలి. ఆ నవ్వుకి ఎంతమంది రహస్యాలు కక్కేశారో! గొంతు తగ్గించి, “నా అనుమానం గడ్డం మీదే. ఏడేళ్లుగా మాన్యువల్ అప్‌డేట్ చేసేది అతనొక్కడే,” అంది.

గడ్డం అంటే అక్కడి సీనియర్ ప్రోగ్రామర్. మాన్యువల్ పేరెత్తగానే అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు. ముంగిస అతన్ని ప్రింటర్ గదిలోకి లాగి తలుపేశాడు.

“ఏం దాస్తున్నావ్?”

“దణ్ణం పెడతా సార్, ఎవరికీ చెప్పకండి. ఏడేళ్లలో ఒక్క ముక్క రాస్తే ఒట్టు! సోమవారం పొద్దున ఓ స్క్రిప్టు నడుపుతా. మూడొందల పన్నెండు పేజీల మీదా తేదీ మారిపోద్ది. అప్‌డేట్ అయినట్టే లెక్క.”

ముంగిస నమ్మలేదు. నమ్మడం అతని ఉద్యోగంలో లేదు. షెల్ఫులోంచి నిన్నటి ప్రింటు తీసి ఒక్కో పేజీ తిప్పాడు. సోమవారం. సోమవారం. సోమవారం. నూట ఎనభై ఏడో పేజీ మీద మాత్రం మంగళవారం. చక్కటి వాక్యాలు, కింద వివరంగా ఉదాహరణ.

“ఇది నేను రాసింది కాదు సార్. ఉదాహరణ రాసేంత ఓపిక ఈ ఆఫీసులో ఎవడికుంది?”

పేజీ దిద్దిన రోజే తేదీ వేయాలని గోడ మీద నియమం. దాన్ని పాటించిన మహానుభావులు ఇక్కడ ఎవరూ లేరు. వేషం నిలబెట్టుకోవడానికి నియమాలన్నీ బట్టీపట్టిన కొత్త మనిషి తప్ప.

తలుపు తెరుచుకుంది. నెమలి చేతిలో లిప్‌స్టిక్, దాని కొసన సన్నటి తుపాకీ గొట్టం.

“ఇక్కడ ఎవరూ చదవరనుకున్నాను,” అంది.

ముంగిస మాన్యువల్ బైండు ఎత్తి విసిరాడు. ఆమె చెయ్యి తిరిగి, తూటా సీలింగులో దిగింది. మరుక్షణం పెన్ను ఆమె ముక్కు దగ్గరుంది. మూలిగి ఒరిగిపోయింది. ఆ మాన్యువల్ ఒకరికి పనికిరావడం అదే మొదలు.

“పట్టాలు మార్చే ఫంక్షన్ సార్ ఇది,” అన్నాడు గడ్డం ఆ పేజీ చూపిస్తూ. “పట్టాకి హుకుమిచ్చేసి, అది కదిలిందో లేదో చూడకుండానే తన పని అయిపోయిందనేస్తుంది. పట్టా కదిలి లాక్ పడ్డానికి తొమ్మిది సెకన్లు. లాక్ పడిందో లేదో మళ్లీ అడగాలి. ఈవిడ అడగక్కర్లేదని రాసింది! లాక్ పడకముందే రైలొస్తే పట్టాలు తప్పినట్టే!”

టైము నాలుగూ నలభై ఆరు. పెద్దాయన లైను ఎంగేజ్. ముంగిస జంక్షన్ ఇంజనీరుకి ఫోన్ చేశాడు.

“లాక్ చెకింగ్ తీసేశారా?”

“తీసేశాం. అక్కర్లేదని మాన్యువల్లో ఉందిగా.”

“అది తప్పు. మళ్లీ పెట్టండి!”

“మీరెవరో నాకు తెలీదు సార్. ఫోన్లో ఎవడో చెప్పాడని మార్చి సస్పెండయ్యేదెవరు? మాన్యువల్లో ఉంటే చేస్తా.”

ముంగిస గడ్డాన్ని కంప్యూటర్ ముందు కుర్చీలో కూలేశాడు. “రాయి.”

“నాకు రాయడం రాదు సార్!”

“ఇప్పుడు నాతో చెప్పావే, అదే రాయి.”

గడ్డం రెండు వేళ్లతో కొట్టాడు, చెరిపాడు, మళ్లీ కొట్టాడు. ముంగిసకి భయమేసింది. వీడు కూడా వాళ్ల మనిషైతే? వీడు చెప్పేదే అబద్ధమైతే? కనుక్కునే టైము లేదు. పదిహేనేళ్ల సర్వీసులో మొదటిసారి ఒక మనిషిని ఊరికే నమ్మాడు. అక్క ముఖం కళ్లముందు మెదులుతుంటే పబ్లిష్ బటన్ తనే నొక్కాడు. నాలుగూ యాభై మూడు.

ఫోన్లో మౌస్ క్లిక్కుల చప్పుడు. తర్వాత ఇంజనీరు నిట్టూర్పు. “ఇదేంటండీ, ఇలా మార్చేస్తుంటే... సరే, పెడుతున్నా. అప్పటిదాకా రైళ్లన్నీ ఎర్ర సిగ్నల్ మీద ఆపేస్తా.”

గోడకి ఆనుకుని అలాగే జారి కింద కూర్చున్నాడు ముంగిస. గడ్డం అతనికి మంచినీళ్లిచ్చి, తనే తాగేశాడు.

ఆరింటికి బావ ఫోన్.

“ఏమోయ్ బావమరిదీ, ఇవాళ జంక్షన్ బయట ఇరవై నిమిషాలు పడిగాపులు! ఎవడో పనిలేని వెధవ ఆఖరి నిమిషంలో మాన్యువల్ మార్చాడట. వాణ్ని ఏం చెయ్యాలంటావ్?”

“భోజనానికి పిలువు బావా,” అన్నాడు ముంగిస.